ఇంకొక్క రౌండు

నా నోరు ఊరుకోదు. ఇంట్లో మా ఆయన, ఆసుపత్రిలో మా డాక్టరుగారు, ఇద్దరూ చెప్పీ చెప్పీ విసిగిపోయారు. అది ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తుందని మాత్రం నేననుకోలేదు.

వైరస్ జ్వరం తగ్గి నెలలు గడిచినా కోలుకోని వాళ్ల కోసం మా దగ్గర ఒక విభాగం ఉంది. వైద్యమూ పరిశోధనా రెండూ అక్కడే. ఎవరికి ఎప్పుడు పరీక్ష, ఎవరింటికి నర్సు వెళ్లాలి, అన్నీ చూసుకునేదాన్ని నేనే. ఆ పరీక్షల్లో ఒకటి ఆరు నిమిషాల నడక. వరండాలో ముప్ఫై మీటర్ల దూరంలో రెండు ప్లాస్టిక్ కోన్లు, వాటి మధ్య అటూ ఇటూ నడవాలి. పక్కన నిలబడ్డవాళ్లు నిమిషానికొకసారి కాగితం మీదున్న మాట చదవాలి, అంతే. ఉసిగొల్పితే రోగి శక్తికి మించి నడుస్తాడు, ఆ లెక్క ఇక చెల్లదు.

సోమవారం లెక్కల టీచరమ్మ వంతు. స్నానం చేస్తే రోజంతా పడుకోవాల్సిన మనిషి, ఏడాదిగా మా రోగి. నాలుగు వందల మీటర్లు దాటితే కోలుకున్నట్టే. ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేసి, కోలుకున్నారని కాగితం ఇస్తారు, నర్సూ మందులూ ఆగిపోతాయి. ఆమెకు కావలసిందీ ఆ కాగితమే. అది చూపిస్తేనే బడిలో ఉద్యోగం నిలుస్తుంది. ఐదో నిమిషంలో కాళ్లు తడబడ్డాయి, ముఖం పాలిపోయింది. నేను ఆగలేకపోయాను.

"అంతే టీచరుగారూ, అయిపోవచ్చింది! ఇంకొక్క రౌండు! బడిలో మీ పిల్లలు ఎదురుచూస్తున్నారు!"

నాలుగు వందల పన్నెండు. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నాం.

మంగళవారం ఫోన్ చేస్తే, "భేషుగ్గా ఉన్నానమ్మాయ్, వంట కూడా నేనే చేశా" అంది. మర్నాడు ఒకసారి అడగాలని మా పత్రంలో ఉంది. అడిగాను, టిక్కు పెట్టాను. శ్రమపడ్డాక ఈ జబ్బు దెబ్బ రెండో రోజో మూడో రోజో కూడా పడొచ్చని రోగులందరికీ రోజూ చెప్పేదాన్ని నేనే. నా బుద్ధి ఏ గడ్డి తిందో!

గురువారం ఫోన్ ఎత్తలేదు. శుక్రవారమూ ఎత్తలేదు. మొత్తం పదకొండుసార్లు చేశాను. నాలుగింటికల్లా వాళ్ల గుమ్మంలో ఉన్నాను.

టీచరమ్మ అత్తగారు తలుపు తీసింది. "మావాడు డ్యూటీ మీద ఊరెళ్లాడమ్మా. ఈవిడ రెండ్రోజులుగా మంచం దిగట్లేదు. టెస్టు పాసయ్యానని మురిసిపోయిందిగా! పాసైనవాళ్లకి ఈ పడకేంటి? నాటకాలు కాకపోతే!"

"నీళ్లేమైనా తాగారా?"

"గ్లాసు పక్కనే పెట్టా. దాహమేస్తే తాగదూ?"

గదిలో కర్టెన్లు వేసున్నాయి. గ్లాసు నిండుగా అలాగే ఉంది. ఫోను మంచం పక్కన స్టూలు మీద, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. టీచరమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి గానీ రెప్ప ఆడటం లేదు. "అమ్మో!" అన్నాను, పైకే అనేశాను. పోయిందనుకున్నాను. మణికట్టు పట్టుకుంటే నాడి దడదడా కొట్టుకుంటోంది. చెంచాతో నీళ్లు పోస్తే చాలాసేపటికి మింగింది.

"నీ ఫోన్లు... విన్నా," అంది. "చెయ్యి లేవలేదు."

డాక్టరుగారికి ఫోన్ చేశాను. అంబులెన్సు పంపిస్తానన్నారు. ఫైలు మూయొద్దు సార్ అని బతిమాలాను.

"ఎలా ఆపేదమ్మా? నాలుగొందల పన్నెండు. మర్నాడు బాగుందని నువ్వే రాశావు. కమిటీ ఆ అంకెలే చూస్తుంది. ఇవాళ్టికి ఆసుపత్రిలో చూస్తారు. మన దగ్గర మళ్లీ చేరాలంటే మాత్రం ఆరు నెలలు వరుసలో ఉండాల్సిందే."

నీళ్ల గ్లాసు ఎత్తలేని మనిషి ఆరు నెలలు ఎవరి చేతుల్లో ఉంటుంది? బయట అత్తగారు ఇంకా గొణుగుతూనే ఉంది. పోయినేడు ఇంతకంటే చిన్న తప్పుకే ఒక టెక్నీషియన్ని ఇంటికి పంపేశారు.

"ఆ పరీక్ష చెల్లదు సార్. నేను పక్కన నిలబడి అరిచాను. ఇంకొక్క రౌండని తరిమాను."

"ఏమంటున్నావో తెలుస్తోందా? ఫైలు ఆగాలంటే నీ పేరు పెట్టి రాసివ్వాలి. ఐదులోపు."

"రాస్తాను."

ఫోన్లోనే టైపు చేయడం మొదలుపెట్టాను. తొందరలో ప్రతి మాటా తప్పు పడుతోంది.

"అమ్మాయ్." వినపడీ వినపడనంత గొంతు. "ఆ పరీక్ష కొట్టెయ్యకు. పాసయ్యా కదా. బడికి... ఆ కాగితం చాలు."

"టీచరుగారూ, మీరు చచ్చిపోతారండీ!"

"కొట్టెయ్యకమ్మాయ్."

ఐదుకి ఏడు నిమిషాలుంది. పంపేశాను.

ఆమె కళ్లు మూసుకుంది. నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకుందామంటే ఆమెకు చెయ్యి లేవదు. తుడుద్దామంటే నాకు ధైర్యం చాల్లేదు.