చీటీలో రాని మనిషి

"వచ్చే వారం మళ్లీ చేస్తావుగా?" అన్నాడు ప్రానాస్ ఫోనులో.

ఔస్తేయా ఎదురుగా ఉన్న కాగితం చూసి చదివింది. "మీ సహకారానికి కృతజ్ఞతలు. ఆరు నెలల తర్వాత మళ్లీ మాట్లాడతాం."

"సరేలే తల్లీ. పుట్టగొడుగులు రెండు దండలు గుచ్చి ఎండబెట్టా. మా ఆవిడ పోయినా చెయ్యి అలవాటు మానలేదు, తినేవాళ్లెవరున్నారని. ఉంటా మరి."

పక్క బల్ల దగ్గర కూర్చుని వింటున్న నిజోలే చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోను తీసింది. కౌనస్ నగరంలో ఈ ఫోన్ల పరిశోధన నడిపేదీ, కొత్తవాళ్లకి పని నేర్పేదీ ఆవిడే. "గొంతు వణకలేదు. నేర్చుకున్నావు," అంది. చేరినప్పటి నుంచీ ఔస్తేయా నేర్చుకున్నదల్లా గొంతుకి ఇస్త్రీ చేసుకోవడమే.

ప్రాణం తీసుకోబోయి బతికి, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరినవాళ్లని చీటీలు తీసి రెండు జట్లు చేశారు. మొదటి జట్టుకి వారం వారం ఫోను. రెండో జట్టుకి ఇప్పుడొకటి, ఆరు నెలలకొకటి. పలకరింపు ప్రాణం నిలుపుతుందో లేదో తేలాలంటే కొందరికి పలకరింపు ఉండకూడదు మరి. ప్రానాస్ రెండో జట్టులో పడ్డాడు.

"ఆయనకెవరూ లేరు మేడమ్."

"వీళ్లలో ఎవరికున్నారే? డాక్టరుకి కబురు పెట్టాంగా."

"ఆ డాక్టరు ఆయన ఊరికొచ్చేది నెలాఖరుకి."

నిజోలే కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నాకు మనసు లేదనుకోకు. ఇది తేలితేనే సర్కారు దేశమంతా ఫోన్లు పెట్టిస్తుంది. నువ్వు ఒక్కడికి చేశావంటే లెక్క చెడుతుంది. చెడగొట్టినవాళ్లని నేను ఉంచుకోలేను."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఔస్తేయాకి ఏడుపొచ్చింది అందుకే. ఈ ఊళ్లో తనకి మాత్రం ఎవరున్నారు? సాయంత్రం గదికి పోతే ఇంత రొట్టెముక్క, టీ. తిన్నావా అని అడిగే దిక్కు లేదు.

మధ్యాహ్నం అందరూ బీట్‌రూట్ చారు తాగడానికి కిందికి దిగారు. ఔస్తేయా లేవలేదు. సంచిలోంచి తన సొంత ఫోను తీసింది. గుమ్మం దాటబోతూ నిజోలే ఆగింది.

"ఎవరికే?"

"ప్రానాస్ గారికి. లెక్కలోంచి ఆయన పేరు కొట్టెయ్యండి. నాది కూడా కొట్టేస్తానంటే మీ ఇష్టం. నేను చెయ్యకుండా ఉండలేను."

నిజోలే లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

ఫోను సగం మోగిందో లేదో ఎత్తాడు.

"నేను తాతా, ఔస్తేయాని. ఇందాక మాట్లాడానే."

"గొంతు తెలిసిందిలే," అన్నాడు ప్రానాస్. "అప్పట్నుంచీ ఫోను కింద పెట్టలేదమ్మా. చేతిలోనే ఉంది."