పల్లిచెక్క వాసన

నారుమడి మీద పల్చటి పరదా. పరదా మీద మంచు. ఎండ తగలగానే సన్నగా పల్లిచెక్క వాసన లేచింది.

ఒక మూల పరదా లేదు.

కొరికిన అంచు… గట్టు మీద గిట్టల గుర్తులు…

గట్టు అవతల, పక్క పొలం పోసవ్వ సూడి మేక ఈనబోయే పొట్టతో పడుకుని ఉంది.

సమ్రీన్ గట్టు మీదే ఆగిపోయింది.

అందరూ నిలిచే వస్తువులు చేస్తారు. సమ్రీన్ కరిగిపోయేవి చేస్తుంది. చదువు అయినప్పటి నుంచీ ల్యాబ్‌లో అదే పని. మొదట పట్టు ప్రోటీన్‌తో కుట్లు వేసే దారం — గాయం మానగానే ఒంట్లో కలిసిపోయేది. ఇప్పుడు పల్లీల నూనె తీయగా మిగిలే చెక్కలోని ప్రోటీన్‌తో ఈ పరదా. యాసంగి చలికి నారును కాచి, ఆపైన మట్టిలో మట్టి కావాలి.

నిరుడు మంచుకే చిరిగింది. కాలవ కింది రైతు రామబ్రహ్మం నవ్వాడు. "ఇది పరదానా అమ్మాయ్, అప్పడమా?"

అందుకే ఈసారి గట్టిపరిచే మందు కొత్తది కలిపింది. మట్టిలో చూసింది. నీళ్ళలో చూసింది. వానపాముల మీదా చూసింది.

మేక గుర్తుకే రాలేదు.

ల్యాబ్‌లో మేకలుండవు. కానీ తను బాన్సువాడలో మేకల మధ్య పెరిగిన పిల్ల… పల్లిచెక్క వాసనకు మేక ఆగదని తనకు తెలియదా?

"గిది తింటే ఏమన్న అయితదా బిడ్డా?" మిగతా మేకలను తోలుకుంటూ వచ్చిన పోసవ్వ అడిగింది.

"ఏం కాదవ్వా."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! కుట్టుదారం గురించి డాక్టర్లకూ అదే మాట చెప్పింది — ఏళ్ళ తరబడి పరీక్షించాక.

"నువ్వే అంటివి, ఇగ నాకేం ఫికర్! దొంగది, పొద్దుగాల్నే నాష్టా చేసింది సూడు."

నవ్వుతూ పోసవ్వ పరదా ముక్క ఇంకొకటి చింపింది. మిగతా మేకల వైపు చాచింది.

"వద్దవ్వా!"

ఆ అరుపు తనదే.

పోసవ్వ చెయ్యి గాలిలో ఆగింది. నవ్వూ ఆగింది.

"మరి ఏం కాదంటివి?"

సమ్రీన్ ఆమె చేతిలోని ముక్క లాక్కుంది.

"మట్టికి ఏం కాదవ్వా. కొత్త మందు కలిపిన. మేకకు… నాకు తెల్వది."

పోసవ్వ తిట్టలేదు. తిడితే బాగుండును. మేక పక్కన కూలబడి పొట్ట మీద చెయ్యి వేసింది.

పశువుల దవాఖానకు ఫోన్ చేస్తే, ఏం మందో చెప్పమన్నాడు డాక్టర్. చెప్పింది. ఎంత తిన్నదో, ఎన్ని నెలల సూడో అడిగాడు. తర్వాత, "వస్తున్న" అన్నాడు.

సమ్రీన్ మోకాళ్ళ మీద కూర్చుంది. పోసవ్వ చేతి పక్కనే తన చెయ్యి ఆనించింది.

అరచేతి కింద ఏదో కదిలింది.

లోపలి పిల్లా… తన చేతి వణుకా…

పోసవ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఈసారి సమ్రీన్ "ఏం కాదు" అనలేదు.

మేక వెంట్రుకల మీద మంచు ఇంకా ఆరలేదు.