వెనక నుంచి మాట

డిక్కీ మీద అరచేత్తో ఆగకుండా తడుతుంటే రమ్మని. తట్టడం మానితే ఆగమని. దాంతోపాటు నోటితో "రానీ... రానీ..." అంటూ ఉండాలి. లారీల దగ్గర క్లీనర్లు చేసే ఈ పనిని సలోమి తన భర్త ఇస్సాకు కారుకు చేస్తోంది.

ఇస్సాకు ఆళ్ళగడ్డ మనిషి. ఒళ్ళు సహకరించినన్నాళ్ళు లారీ తోలాడు. మెడ ఎముకకు ఆపరేషను అయ్యాక లారీ వదిలి, పాత తెల్ల కారొకటి కొని బాడుగకు తిప్పుకుంటున్నాడు. ఆ మెడతో ముందుకు పోవడానికి ఇబ్బంది లేదు. వెనక్కి తిరిగి చూడడమే కుదరదు. అద్దాల్లో చూసుకోవచ్చు కదా అని ఎవరన్నా అంటే వినడు. అతనికి లారీ నేర్పిన గురుస్వామి మొదటి రోజే ఒక మాట చెప్పాడట, వెనక నుంచి మాట వినపడకపోతే బండిని జానెడు కూడా కదిలించొద్దని. గురుస్వామి పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం ఇస్సాకు కుడికాలిలో ఉండిపోయింది.

అందుకే వారంలో మూడు రోజులు సలోమి చీకటితో లేచి కారెక్కుతోంది.

ఆ మూడు రోజులూ బాడుగ ఒకటే. దిగువ అహోబిలంలో కమలవల్లి అనే పెద్దామెను ఎక్కించుకుని నంద్యాల ఆసుపత్రికి పోవాలి. ఆమెకు మూత్రపిండాలు పనిచేయవు. అక్కడ మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని మధ్యాహ్నానికి బయటపడుతుంది. భర్త చక్రపాణి గుడి పని వదిలి రాలేడు. వాళ్ళ ఇంటి సందులో కారు పడుతుందిగాని తిప్పుకునే చోటు లేదు. ముందుకు పోయిన కారు వెనక్కే రావాలి. దారంతా ఇంటి మెట్లు, నీళ్ళ డ్రమ్ములు, తెల్లవారినా లేవని ఆవులు.

మిగిలిన రోజులు సలోమికి హాస్టల్లో వంట పని. ఆదివారం ప్రార్థన. తెల్లారిందాకా పడుకోవడం ఎట్లా ఉంటుందో ఆమె మరిచిపోయింది. పెద్ద కోరికలు ఆమెకు లేవు. ఒక్క పొద్దున కిటికీలోంచి ఎండ వచ్చి మంచం మీద పడేవరకు పడుకోవాలని, అంతే. ఆ ఎండ మంచం మీద ఏ మూల పడుతుందో కూడా ఆమెకు తెలియదు.

"నువ్వు రానీ అని అరిస్తేగాని మా సందులో తెల్లవారదు సలోమీ" అని కమలవల్లి నవ్వేది. నవ్వితే ఆయాసం వచ్చేది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులాగా ఉబ్బిన చెయ్యి అది. దాని మీద బరువు పడకూడదు.

"అందరూ తిట్టుకుంటాంటారేమో అమ్మా."

"తిట్టుకుంటే ఏమిలే. లేసినోళ్ళే కదా తిట్టుకునేది."

ఒక రోజు ఆసుపత్రి ముందు కమలవల్లి కూతురు హరిణి వీళ్ళ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఆమెది నంద్యాలలోనే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఇస్సాకు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని గేటులోకి రావడం చూసింది. తల్లిని లోపల పడుకోబెట్టి బయటకొచ్చింది.

"ఇస్సాకన్నా, ఇంగోసారి ఫోను చేతిలో పట్టుకొని తోలేది చూస్తే నేను వేరే కారు చూసుకుంటా. లోపల ఉండేది మా అమ్మ."

"బాడుగ ఫోను మేడం. ఎత్తకపోతే ఇంగొకరిని పిలుచుకుంటారు."

"ఎత్తొద్దని నేనన్నానా? చేతులు స్టీరింగు మీద పెట్టి మాట్లాడే సెట్టు వస్తాండాది కదా, పెట్టించు. వెనక కెమెరా కూడా పెట్టించు. సలోమక్క కాళ్ళు చూసినావా, ఎట్ల వాచినాయో? ఆ రానీ అనేదానికి ఈమెను రోజంతా ఈ వరండాలో కూచోబెడతాండావే."

సలోమి చీర అంచు కిందికి లాక్కుంది. తన కాళ్ళ గురించి ఇంకొకరు మాట్లాడడం ఆమె విని చాలా రోజులైంది.

మధ్యాహ్నం కాకముందే, కమలవల్లి ఇంకా మిషను మీద ఉండగానే కారును సామాన్ల అంగడికి తీసుకుపోయారు. పని చేసింది జీవన్ కుమార్ అనే కుర్రాడు కాని కుర్రాడు, నెత్తి సగం ఊడిపోయిన నవ్వులాయన. డిక్కీ తీసి, లోపలి అట్ట ఊడదీసి, చాలాసేపు తల లోపల పెట్టి చూశాడు.

"అన్నా, కెమెరాకి రివర్స్ లైటు వైరు నుంచి కరెంటు ఇయ్యాల. నీకు ఆ వైరే లేదు. ఎలకలు తిన్నాయి. లైటు పోయి ఎన్నేండ్లయింది?"

"తెలీదప్పా. నేనెప్పుడన్నా వెనక్కి చూస్తే కదా."

"మరి వెనకోళ్ళకి ఎట్ల తెలిసేది నువ్వు వస్తాండావని?"

ఇస్సాకు నడుము తిప్పి అంగడి మెట్ల మీద కూర్చున్న సలోమి వైపు చూశాడు. "మా ఇంటామె ఉండాది కదా."

"లైటు ఈమె, హారన్ ఈమె. జీతం ఇస్తాండావా?"

"అన్నం పెడతాండా కదా."

"వండేది ఎవరు?" అంది సలోమి.

జీవన్ కుమార్ నవ్వాపుకోలేక వైరు వదిలేశాడు.

కొత్త వైరు లాగాడు. నంబరు పలక పైన పెసరగింజంత కెమెరా బిగించాడు. పాత టేపు రికార్డరు ఊడదీసి ఆ సందులో స్క్రీను పెట్టాడు. ఎండ తగలకుండా దించుకునే అట్ట పక్కన చిన్న మైకు అతికించాడు. నాలుగు తలుపుల స్పీకర్లలో రెండు చెడిపోయాయని, ఉన్నవి చాలని చెప్పాడు. సలోమిని మెట్ల మీద నుంచే ఫోను చేయమన్నాడు.

"ఏమప్పా, వినపడతాందా?" అంది సలోమి.

ఆమె గొంతు కారంతా నిండి, తెరిచిన తలుపుల్లోంచి వీధిలోకొచ్చింది. ఇస్సాకు ఉలిక్కిపడ్డాడు.

"ఇంత గొంతేందే నీది?"

"ఇన్నేండ్లు యాడ విన్నావులే."

రివర్స్ గేరు వేస్తే స్క్రీను మీద వీధి వచ్చింది. అంగడి మెట్లు, మెట్ల మీద చెప్పులు, చెప్పుల్లో సలోమి వాచిన కాళ్ళు. అడుగున ఎర్ర గీత. ఆ గీత దగ్గరికి ఏది వచ్చినా ఆపేయాలని జీవన్ కుమార్ చెప్పాడు. ఇస్సాకు తలూపలేడు కాబట్టి "సరే" అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా సలోమి పక్కనే ఉంది కాబట్టి ఎక్కడా ఇబ్బంది రాలేదు. అలవాటు కొద్దీ ఆమె దిగింది, అలవాటు కొద్దీ తట్టింది.

ఒక రోజు విడిచి, మళ్ళీ ఆసుపత్రి రోజున అహోబిలానికి ఇస్సాకు ఒక్కడే బయలుదేరాడు. సలోమి టీ కాచి ఇచ్చి, కారు రోడ్డెక్కేదాకా గుమ్మంలో నిలబడింది. కారు ఇంటి ముందు మూతి రోడ్డు వైపు పెట్టి ఉంది కాబట్టి వెనక్కి పోయే పని లేదు. తలుపు వేసి, దీపం ఆర్పి, మంచం మీద వాలింది. కాళ్ళ కింద దిండు పెట్టుకుంది. కళ్ళు మూసుకుంటే కారు కదులుతున్నట్టే ఉంది. ఆ కదలిక కాస్త నెమ్మదించి, నిద్ర రెప్పల దాకా వచ్చింది.

ఫోను మోగింది.

"సలోమీ, అమ్మను ఎక్కించుకున్నా. సందులో ఉండా."

"అయితే రా."

"రాలేకపోతాండా."

ఆమె లేచి కూర్చుంది. "ఏమయింది? కెమెరా కనపడతాలేదా?"

"బాగా కనపడతాంది. ఆవు తోక ఊపేది కూడా కనపడతాంది. బ్రేకు మీంచి కాలు లేస్తాలేదు."

"దారి ఖాళీగా ఉండాదా?"

"ఖాళీనే."

"మరి రా అప్పా."

"నువ్వు రానీ అను."

సలోమికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. "నేనీడ మంచం మీదుండా. నాకేం కనపడతాదని అనేది?"

"కనపడాల్సిన పన్లేదు. నేను చూస్తాండా కదా. నువ్వు ఊరికే అను. లేటయితే మిషను మీద వేరేవాళ్ళను పడుకోబెడతారు. అమ్మకు ఇప్పటికే ఆయాసంగా ఉండాది."

సలోమి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "రానీ... రానీ..." అంది. ఫోనులో ఇంజను గొంతు మారింది. కారు కదిలింది. మూసిన కళ్ళ వెనక ఆమెకు సందు కనిపించింది. నీలం డ్రమ్ము, పక్కింటి విరిగిన మెట్టు, ఆవు పడుకునే గోడ వార. "రానీ... రానీ..." డ్రమ్ము దాటి ఉంటుంది. మెట్టు దగ్గరికి వచ్చి ఉంటుంది. ఆ మెట్టు మీద ఈ రోజు ఎవరన్నా బిడ్డను కూర్చోబెట్టి ఉంటే? ఆమె గొంతు తనంతట తానే ఆగిపోయింది. అక్కడ కారూ ఆగిపోయింది.

"ఏందే నిలిపేసినావ్?"

"చూడకుండా నేను ఎట్ల అనేదప్పా? ఇన్నాళ్ళలో కండ్లారా చూడకుండా ఒక్కసారి కూడా రానీ అనలేదు నేను. జరగరానిది జరిగితే నేను అన్నందుకే కదా నువ్వు వచ్చింది."

ఫోనులో ఆగి ఉన్న కారు ఇంజను వినపడుతోంది. సలోమి కాళ్ళు కిందికి దించి చెప్పుల కోసం వెతికింది. ఇప్పుడు పోవడానికి బస్సు లేదు. ఉన్నా పోయేసరికి పొద్దెక్కుతుంది. ఎల్లుండి నుంచి మళ్ళీ మామూలే. చెప్పు ఒకటే దొరికింది. ఆ ఒక్క చెప్పులో కాలు పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

అప్పుడు ఫోనులో ఇంకో గొంతు వినపడింది. సన్నగా, ఆయాసంగా.

"ఇస్సాకూ, ఆ బొమ్మ నాకూ కనపడుతోంది నాయనా."

"ఏ బొమ్మమ్మా?"

"ముందర వెలుగుతాండేది. నేను మధ్యకు జరిగినా. మెట్లు కనపడతాండాయి, ఆవు లేసి పోయింది. నేను చెప్తే వస్తావా?"

"మీరెందుకమ్మా కష్టపడేది" అని ఇస్సాకు నసిగాడు.

"కూచున్న చోట కష్టమేముంది? నీ పెండ్లాము ఎండలో వానలో అన్న మాటే కదా. సలోమీ, వింటాండావా తల్లీ?"

"వింటాండానమ్మా."

"ఆగమనాలంటే ఏమంటావు నువ్వు? అదొక్కటే నేను సరిగా వినలేదు."

"ఏమీ అననమ్మా. ఊరుకుంటా. ఊరుకుంటే ఆపేస్తాడు."

"ఊరుకునేది నాకు చేతనవుతుందిలే. నువ్వు పడుకో."

ముందు సీటు వీపు మీద చెయ్యి తట్టిన చప్పుడు వినపడింది. మెత్తని చప్పుడు. కుడి చేత్తోనే తడుతున్నట్టుంది, గాజులు కదిలాయి. "రానీ" అంది కమలవల్లి. గుడి మెట్ల మీద పెద్దలను పిలిచినట్టుంది ఆ పిలుపు. లారీల వాళ్ళు వింటే నవ్వుతారు. "రానీ నాయనా... రానీ... రానీ..." మధ్యలో దగ్గు వచ్చి మాట ఆగింది. కారూ ఆగింది. దగ్గు తగ్గాక మళ్ళీ గాజులు కదిలాయి. ఇంజను గొంతు మారింది.

సలోమి ఊపిరి బిగబట్టి వింటూ ఉంది. డ్రమ్ము, మెట్టు, ఆవు గోడ, సందు మొదట్లో కుళాయి. తర్వాత గేరు మారిన చప్పుడు, కారు పెద్ద రోడ్డెక్కిన చప్పుడు.

"వచ్చేసినామమ్మా" అన్నాడు ఇస్సాకు. ఆ మాట అతను ఇద్దరిలో ఎవరికి చెప్పాడో సలోమికి తెలియలేదు.

ఫోను పెట్టేయడం కొత్త స్క్రీను మీద ఎట్లాగో ఇస్సాకుకు ఇంకా రాదు. సలోమి పెట్టేయలేదు. చెప్పు వదిలి, దిండు మీద చెవి పక్కన ఫోను పెట్టుకుని పడుకుంది. టైర్ల చప్పుడు, ఎదురుగా వచ్చిన బస్సు చప్పుడు. కమలవల్లి ఏదో అడిగింది, ఇస్సాకు ఏదో చెప్పాడు. ఆళ్ళగడ్డ దాటారు. ఇంటికి అంత దగ్గరగా పోతున్నా కారు ఆపలేదు. శిరివెళ్ల వచ్చిందని ఇస్సాకు అనడం ఆమె సగమే వింది.

ఎండ కిటికీలోంచి వచ్చి ముందుగా కాళ్ళ దగ్గరి దిండు మీద పడింది. నంద్యాల ఆసుపత్రి ముందు కారు వెనక్కి పెట్టేటప్పుడు ఫోనులో గాజుల చప్పుడు, "రానీ... రానీ..." అని పిలుపు మళ్ళీ వచ్చాయి. సలోమి నిద్ర లేవలేదు.