కంచె దాటిన పుదీనా

సమ్మవ్వకూ పక్క క్వార్టర్ చంద్రమతికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందనేది ఆ బొగ్గుగని క్వార్టర్ల లైనులో అందరికీ తెలిసిన మాటే. ఆ ఏడు పచ్చి పుదీనా వేసినా మండింది.

చంద్రమతి గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. పూట పూటకూ పచ్చడి ఉండాల్సిందే. సంతలో కొన్న కట్టలోంచి నాలుగు కాడలు తీసి, స్నానాల గది నీళ్లు పారే చోట గుచ్చింది. అంతే, ఇక దానికి అడ్డూ అదుపూ లేకపోయింది. మట్టిలోపల తీగలు పాకించుకుంటూ, రెండు పెరళ్ల మధ్యనున్న ముళ్లతీగ కంచె కిందుగా దూరి, ఇవతల సమ్మవ్వ మల్లెపొద మొదట్లో తలెత్తింది.

ఇంకెక్కడ మొలిచినా సమ్మవ్వ కోసుకుని కూరలో వేసుకునేదేమో. కానీ ఆ మల్లె ఆమె ప్రాణం. కమాన్‌పూర్ దిక్కున ఆమె పుట్టిన ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోయింది. ఇల్లూ బావీ వాకిలీ ఉన్నచోట ఇప్పుడొక పెద్ద గొయ్యి. ఊరు ఖాళీ చేసిన రోజు తల్లి పెరట్లోంచి పెళ్లగించి తెచ్చిన మల్లె ఒక్కటే ఆమెకు మిగిలిన పుట్టిల్లు. దాని మొదట్లో పరాయి వేరు కనబడితే ఊరుకుంటుందా?

"ఓ చంద్రక్కా! గిదేంది? నీ పుదీన మా మల్లె కాళ్లల్లకు వచ్చింది. నీ ఆకు నీ జాగల ఉంచుకోరాదు?"

చంద్రమతి బట్టలు ఆరేస్తూ తల కూడా తిప్పలేదు. "మొక్కకి హద్దులు తెలుస్తాయా ఏంటి? అడ్డమైతే పీక్కో."

ఆ పీక్కోమన్న తీరుకే సమ్మవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. పార తెచ్చి ఆ చోటంతా కసిదీరా నరికింది. తెలివితక్కువ పని అదే. పుదీనా వేరు ఎన్ని ముక్కలైతే అన్ని మొక్కలు. వానలు పడేసరికి మల్లె చుట్టూ చాప పరిచినట్టు లేచింది. అది చూసి చంద్రమతి నవ్విన నవ్వు సమ్మవ్వకు కూడు సహించనివ్వలేదు.

"పారతోని పోదే అది," అన్నాడు భర్త సదానందం. బొగ్గు మోసే రబ్బరు బెల్టుల దగ్గర అతని డ్యూటీ. "ఒక్కొక్క వేరు చేత్తోని ఏరాలె. నడుమ పాత బెల్టు ముక్క లోతుగ పాతాలె. ఇగ దాటదు."

పాత బెల్టు ముక్కలకేం కరువు? ఆ లైనులో ప్రతి గుమ్మం ముందూ కాళ్లు తుడుచుకునేది వాటి మీదే. సమ్మవ్వ వేళ్లన్నీ ఏరి, ఎండబెట్టి, కాల్చిపారేసింది. సదానందం కంచె పొడవునా మోకాలి లోతు తవ్వి, బెల్టును నిలువుగా దించి మట్టి కప్పాడు.

"పీడ పోయింది!" అంది సమ్మవ్వ, అవతలికి వినబడేట్టు.

"మాకూ పోయింది," అంది చంద్రమతి.

పుదీనా మళ్లీ రాలేదు. చలికాలమంతా సమ్మవ్వ గెలిచినదానిలా తిరిగింది. తర్వాత ఎండలు ముదిరాయి. మొగ్గ తొడగాల్సిన వేళ మల్లె ఆకులు పండబారాయి. ఆమె రోజూ పోసే బిందెకు తోడు ఇంకో బిందె పోసింది. దిష్టి తీసింది. పక్కింటిదాని కళ్లే తగిలాయని తిట్టింది. కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోయాయి.

చివరికి సదానందం మొదలు తవ్వి చూశాడు. మల్లె పెద్ద వేళ్లన్నీ కంచె దిక్కుకే పోయి ఉన్నాయి, బెల్టు దించిన చోట పార దెబ్బకు తెగి. ఇవతల మట్టి ఇటుకపొడిలా ఉంది. బెల్టుకు అవతల బురద.

"ఇన్నేండ్లు దీన్ని సాకింది నీ బిందె కాదే," అన్నాడు. "వాళ్ల తానాల నీళ్లు."

సమ్మవ్వకు తన చేతి చలువేనని ఇన్నాళ్లూ మురిసిపోయినందుకు సిగ్గేసింది. అడగకుండా నీళ్లిచ్చినందుకు చంద్రమతి మీద ఇంకా కోపమొచ్చింది.

బెల్టు తీసేసినా తెగిన వేరు అతకదు. పచ్చిగా మిగిలిన కొమ్మలు రెండు డబ్బాలో నాటి చూస్తే, ఆ ఎండకు డబ్బా మట్టి పెనంలా కాలి అవీ మాడిపోయాయి. ఇక మిగిలింది ఒక్క కొమ్మ. దానికి తడి ఆరని చల్లటి నేల కావాలి. అలాంటి నేల ఆ దగ్గర్లో ఒక్కచోటే ఉంది.

తడిగుడ్డలో కొమ్మ చుట్టుకుని వెళ్లి చంద్రమతి గుమ్మం ముందు నిలబడింది.

"అక్కా, గీ కొమ్మ నీ పుదీన మడిల పెట్టుకుంట. వేరు వట్టినంక తీస్కపోత."

చంద్రమతి ఆమెను పైనుంచి కిందికి చూసింది. "పెట్టుకో. నా పుదీనా ఒక్క కాడ తెగకూడదు. తర్వాత తవ్వుతానంటే కుదరదు, మడి పాడవుతుంది. అక్కడే ఉంటుంది. పూలు నావి."

"అది నన్ను గన్న అవ్వ చెట్టు!"

"అయితే తీసుకెళ్లి మీ పెరట్లోనే పెట్టుకో."

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ సమ్మవ్వ మింగేసింది. వంగి, పుదీనా కాడలను రెండు చేతులా నెమ్మదిగా పక్కకు ఒత్తి, నడుమ కొమ్మ నాటింది.

మరుసటి ఎండాకాలానికి అది పూసింది. సాయంత్రం చంద్రమతి ఆ పూలు తలలో పెట్టుకుని కంచె దగ్గర బట్టలు తీస్తుంటే, తల్లి పెరటి వాసన సమ్మవ్వ పెరట్లోకి వచ్చింది. చంద్రమతిని చూడబుద్ధి కాలేదామెకు. అయినా పళ్లు కొరుకుతూ, ఆ బట్టలన్నీ తీసేదాకా అక్కడే నిలబడింది.