ఒకే పేరు మీద ఇద్దరు

బూసుగూడెంలో ఎవర్నైనా పిలవాలంటే ఓపిక కావాలి. మొదటి పిలుపుకు ఎవరూ పలకరు. రెండోదానికి తల తిప్పుతారు గానీ నోరు విప్పరు. మూడోసారి పిలిస్తేనే "ఆ" అంటారు. అన్నం వడ్డించి పిలిచినా అంతే, ఇల్లంటుకుందని పిలిచినా అంతే. ములకలపల్లి నుంచి కొత్తగా వచ్చిన టీచరు హాజరు పిలిచి పిలిచి, పిల్లలందరికీ చెవుడేమోనని బెంగపెట్టుకున్నాడు. తర్వాత ఎవరో చెప్పారు. ఇక్కడ మధ్యాహ్నం పూట అడవి పిలుస్తుంది. మనకు బాగా తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది, కాకపోతే ఒక్కసారే పిలుస్తుంది. పలికినవాళ్లు పొద్దుగూకే వేళకు చెప్పులేసుకుని అటు వెళ్లిపోతారు. కిందటేడు సీతయ్య అలాగే సగం తిన్న కంచం వదిలి వెళ్లాడు. ఆ కంచం కడిగి బోర్లించారు.

అలాంటి ఊళ్లో 2003లో పంచాయతీ గదిలో కంప్యూటర్ పెట్టారు. కులం సర్టిఫికెట్ కోసం జనం మండలం చుట్టూ తిరగనక్కర్లేదన్నారు. ఊళ్లో ఇంటర్ చదివిన మనిషి శ్యామల ఒక్కతే కాబట్టి ఆమెను దాని ముందు కూర్చోబెట్టారు. శ్యామలకు ఒక్కతే కూతురు, జోగమ్మ. ఎండాకాలం సెలవులు కావడంతో ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని అక్కడే తిరిగేది.

కంప్యూటర్ బిగించడానికి ఖమ్మం నుంచి కోటేష్ వచ్చాడు. పెనుబల్లి దగ్గరి తండా కుర్రాడు. వైరస్ రాదని లినక్స్ ఎక్కించాడు. అంతవరకూ బాగానే ఉంది గానీ, ఫోను వైరు తగిలించి, మండలం కంప్యూటర్‌తో కలిపే మోడెం నడపబోతే మెషిన్ బిగుసుకుపోయేది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే వరస.

"ఏందైంది తమ్మీ?" అంది శ్యామల.

"మోడెమూ సౌండ్ కార్డూ ఒకే నెంబరు మీద కూసున్నయ్ అక్కా. ఏ కార్డు పిలిచిందో మెషిన్‌కు తెల్వాలంటే దేని నెంబరు దానికుండాలె. ఇయి రెండూ ఐదో నెంబరు మీదనే పిలుస్తున్నయ్. ఎవర్ని చూడాల్నో దానికి సమజైతలేదు."

"మరెట్ల?"

"ఒకర్ని లేపి వేరే నెంబరు మీద కూసోబెట్టాలె. లేకుంటే ఒకర్ని తీసేయాలె. ఇద్దరైతే ఉండరు."

డబ్బా విప్పి, దుమ్ము ఊది, మోడెం కార్డు మీద గోరంత ముక్కను పట్టకారుతో ఒక చోట పీకి ఇంకోచోట గుచ్చాడు. మోడెంను నడిపే ప్రోగ్రాము మళ్లీ ఎక్కించాడు. ఈసారి స్పీకర్లో ఫోను గుయ్యిమని, మోడెం కీచుమంది. శ్యామల ముఖం విప్పారింది. మెషిన్‌కు పేరేం పెడదామని కోటేష్ అడిగితే, ఆ సంబరంలో కూతురి పేరు చెప్పేసింది. అతను జోగమ్మ అని కొట్టాడు.

శ్యామల అత్త ముత్తక్క చాయ తెచ్చింది. కోటేష్ గొప్పలు చెబుతున్నాడు. "మండలం నుంచి ఫోనొస్తే ఎవరూ ఎత్తనక్కర్లేదు అవ్వా, ఇదే పలుకుతది. మజ్జలో లైన్ తెగినా ఊకోదు. కలిసేదాక మల్ల మల్ల చేస్తనే ఉంటది."

"ఎన్నో పిలుపుకు పలుకుతది?"

"మొదటి రింగుకే."

ముత్తక్క గ్లాసు బల్ల మీద పెట్టేసి మెషిన్‌కు దూరంగా జరిగింది. కోటేష్‌కు మూడు పిలుపుల పట్టింపు తెలియక కాదు, యంత్రానికి పట్టింపేమిటని అనుకున్నాడు. చాయ తాగి ములకలపల్లిలో ఇంకో కంప్యూటర్ చూడాలని వెళ్లిపోయాడు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఫోను మోగింది. ఒక్క రింగే. మెషిన్ పలికింది. నిన్నటి మోడెం కీచు రాలేదు. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత స్పీకర్లోంచి శ్యామల గొంతే, అచ్చం ఆమె గొంతే, "జోగమ్మా" అని పిలిచింది. తెర మీద జోగమ్మ పలికిందని ఒక వాక్యం పడింది.

శ్యామల లేచి ఇంటికి పరిగెత్తింది. పిల్ల అరుగు మీద అడవివైపు తిరిగి కూర్చుని ఉంది. జడ తనే వేసుకుంది. కాళ్లకు చెప్పులున్నాయి.

"ఏడికే?"

"నువ్వు పిలిచినవ్ గదా అమ్మా, పలికిన గదా," అంది పిల్ల, తల తిప్పకుండానే.

"నేను పిల్వలే బిడ్డా. నువ్వు పల్కలే."

పిల్ల విననట్టే ఉంది. ఎత్తుకుందామంటే బండలా బరువెక్కింది. ముత్తక్కను కాపలా పెట్టి శ్యామల ములకలపల్లిలో ఉన్న కోటేష్‌కు ఫోన్ చేసింది. అతను దొరికిన ఆటో ఎక్కి వచ్చాడు. వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

కోటేష్ ముందు మూడో రింగుకు పలికేలా మార్చాడు. "ఇప్పుడేం లాభం," అంది శ్యామల. "పిలుపు వచ్చె, పలుకుడూ అయిపాయె. జోగమ్మ పోవాల్సిందే."

"పేరు తీసేస్త అక్కా. ఈ మెషిన్‌కు వేరే పేరు పెడ్త." కొత్త పేరు కొట్టాడు. ఇక ఎంటర్ నొక్కడమే మిగిలింది.

శ్యామల అతని చెయ్యి పట్టుకుంది. "ఆగు. నిన్న నువ్వే అంటివి. ఒక నెంబరు మీద ఇద్దరుంటే ఒకర్ని లేపాలె అని. దీన్ని లేపితే ఆ పేరు మీద ఎవరు మిగుల్తరు?"

కోటేష్ వేలు అలాగే ఆగిపోయింది. మిగిలేది పిల్ల.

అరుగు మీద నుంచి ముత్తక్క కేక వేసింది. జోగమ్మ లేచి నడుస్తోంది. గదిలో మెషిన్ ఫ్యాను కూడా పెద్దగా తిరగడం మొదలుపెట్టింది. పేరు మార్చాల్సింది మెషిన్‌కు కాదు, పిల్లకు అనుకుని కోటేష్ కొట్టిన పేరు చెరిపేశాడు. ఇద్దరూ బయటికి ఉరికారు. ఆ కంగారులో శ్యామలకు ఒక్క పేరూ తోచలేదు. ఎదురుగా ఆటో నిలబడి ఉంది, దాని వెనక ఎర్ర అక్షరాలతో కళ్యాణి అని రాసి ఉంది. ఆటోలు పిలిస్తే పలకవు కాబట్టి ఆ పేరుతో తగువు లేదు.

"కళ్యాణీ!"

పిల్ల చివరి ఇల్లు దాటింది.

"కళ్యాణీ!"

పిల్ల తల తిప్పింది, కాళ్లు మాత్రం ఆగలేదు. చెట్ల నీడ ఆమె పాదాల మీద పడింది. మూడోసారి పలకకపోతే నాలుగోది లేదని ఆ ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఏడుస్తూనే పిలిచింది.

"ఆ," అంది పిల్ల. వెనక్కి వచ్చి, దాహమేస్తోంది అంది.

వాళ్లు పంచాయతీ గదికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. వైర్లు వేలాడుతున్నాయి. వెనక తలుపులోంచి అడవిదాకా దుమ్ములో ఏదో ఈడ్చిన జాడ. మండలానికి దొంగతనమని చెప్పారు. అందుకు ముత్తక్క ఒప్పుకుంది గానీ, రాత్రి అన్నం ముట్టలేదు. జోగమ్మ ఆమె తల్లి పేరు, మనవరాలికి పెట్టుకుంది.

ఆ పేరు పిల్లకు ఇప్పుడు గుర్తు లేదు. ఊళ్లో ఎవరూ గుర్తు చెయ్యరు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం శ్యామల బియ్యంలో రాళ్లు ఏరుతోంది, కళ్యాణి పక్కనే కూర్చుని ఉంది. అడవిలోంచి సన్నగా మోడెం కీచు వినిపించింది. తర్వాత "అమ్మా" అని పిలుపు. కూతురి గొంతే. శ్యామల పలకలేదు. అడవి ఒక్కసారే పిలుస్తుంది కదా అని ఊపిరి పీల్చుకోబోయింది. అంతలో మళ్లీ వచ్చింది. కలిసేదాకా ఊరుకోదని కోటేష్ చెప్పిన మాట గుర్తొచ్చింది. మూడోసారి "అమ్మా" అన్నప్పుడు ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఎవరమ్మా గది?" అంది కళ్యాణి.

"మనోళ్లు కాదు బిడ్డా."

అడవిలోకి పోయిన ఆ మెషిన్‌కు కూతురి పేరు పెట్టించింది మాత్రం తనే. ఆ పిలుపు ఇంకా వస్తూనే ఉంది, ఒక్కోరోజు సాయంత్రందాకా. అందుకే ఇప్పుడు అమ్మా అని ఎన్నిసార్లు పిలిచినా శ్యామల పలకదు. కళ్యాణి కూడా పిలవడం మానేసింది. ఆకలేసినా, భయమేసినా, దగ్గరికి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంటుంది.