నలభై కాసెట్లు, ఒక్క సీడీ

ప్రత్తిపాడు మెయిన్ రోడ్డులో సలీం రికార్డింగ్ సెంటరుకి కంప్యూటరు వచ్చింది రెండువేల మూడులో. దాంతోపాటే సలీంకి కొమ్ములు కూడా మొలిచాయి.

సంగీతం టీచరు కామేశ్వరిగారు నలభై కాసెట్లున్న సంచీ తెచ్చి బల్లమీద పెట్టారు. పోయిన భర్త త్యాగరాజుగారు కూతురు రాగసుధకి వయొలిన్ నేర్పుతుండగా టేపులో పట్టిన పాఠాలు అవి. టేపులు బూజు పట్టిపోతున్నాయి.

"సీడీలు చెయ్యి నాయనా. ఎన్నయినా ఫర్వాలేదు. ఉన్నది ఉన్నట్టు రావాలి."

ఉన్నది ఉన్నట్టు దించితే కాసెట్టుకో సీడీ కావాలి. కుదించి ఎంపీత్రీ చేస్తే నాలుగు సీడీల్లో హాయిగా సర్దుకుంటాయి. ఇంకా పిండితే ఒక్కదాంట్లో! ఆ ఒక్కటే సలీం తలకెక్కింది. నలభై కాసెట్లూ ఒక్క సీడీలో పట్టించానని బజారంతా చెప్పుకోవద్దూ? పిండి కొద్దీ రొట్టె అని వాళ్ళమ్మ చాంద్‌బీ రోజూ అనే మాట అప్పుడు గుర్తు రాలేదు.

"ఒక్కదాంట్లో చేసేస్తానమ్మగారూ."

"ఏమీ పోదుగా?"

"చెవికి వినపడని చప్పుళ్ళే కంప్యూటరు తీసేస్తదండి. గుంటూరులో నేను చేసిన కోర్సులో చెప్పారు."

ఆవిడ నమ్మారు. సీడీ తీసుకున్న రోజు, కాసెట్లు తనకెందుకు, పనికొస్తే వాడుకోమన్నారు. అది పత్తికి మందు కొట్టే కాలం. ఓ పురుగుమందుల కంపెనీ ఊరూరా తిరిగే ఆటోలకి ప్రచారం కాసెట్లు అడిగితే, సలీం వాటిమీదే రికార్డు చేసి పంపేశాడు.

పది రోజులకి కామేశ్వరిగారు మళ్ళీ వచ్చారు. కోపంగా లేరు. కోప్పడి ఉంటే సలీంకి కాస్త తేలికగా ఉండేది.

"వయొలిన్ వినపడుతోంది నాయనా. ఆయనే లేరు."

"అదేంటమ్మగారూ?"

"పిల్ల వాయిస్తుంటే వెనకాల సన్నగా 'అదీ, అదీ తల్లీ' అనేవారు. ఆ మాట ఎక్కడా లేదు. కాసెట్లు ఓసారి ఇస్తావా?"

పెద్ద చప్పుడు కింద ఉన్న చిన్న చప్పుణ్ణి కంప్యూటరు పారేస్తుందని సలీంకి తెలుసు. ఎవరికీ వినపడదులే అనుకున్నాడు. ఆవిడకి మాత్రం వినపడేది అదే. కాసెట్ల సంగతి చెప్పేశాడు. ఆవిడ తల ఊపి, "వాడుకోమంది నేనేగా" అంటూ లేచారు. ఆ మాట సలీంని చెంపదెబ్బలా తాకింది.

పది రోజులు మోపెడ్ మీద పత్తి ఊళ్ళన్నీ తిరిగి, కనపడిన ప్రతి ఆటోనీ ఆపాడు. ఏ కాసెట్టు పెట్టినా రెండువైపులా పురుగుమందే. చివరికి జోసఫ్ ఆటోలో ఓ కాసెట్టు రెండోవైపు, ప్రచారం అయిపోయాక, వయొలిన్ మోగింది. దానివెనకాల సన్నగా, "అదీ తల్లీ."

"ఏంట్రా, ఏడుస్తున్నావా?" అన్నాడు జోసఫ్.

మిగిలింది ఒక్క నిమిషం. సలీం దాన్ని ఏమాత్రం పిండకుండా, ఉన్నది ఉన్నట్టు సీడీలోకి దించి ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళాడు. కామేశ్వరిగారు మూడుసార్లు విన్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగారు.

"ఇది ఎంత చోటు పట్టింది నాయనా?"

"పది ఎంబీ అమ్మగారూ."

"సీడీలో మొత్తం చోటు ఎంతుంటుంది?"

"ఏడొందలు."

తక్కినదంతా ఖాళీయేనా అని ఆవిడ అడగలేదు.