నాగశ్రీ కుడిచెయ్యి

పెళ్లికూతుర్ని ముస్తాబు చేయడానికి తెల్లవారకముందే లేచిన నాగశ్రీ, మధ్యాహ్నానికి జగ్గయ్యపేటలోని తన బ్యూటీపార్లర్‌కి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. కుడిచెయ్యి కుర్చీ వీపు మీదుగా వెనక్కి వేలాడేసి అలాగే నిద్రపోయింది. మెలకువ వచ్చి మంచినీళ్ల సీసా అందుకోబోతే మణికట్టు లేవలేదు. చెయ్యి తడిబట్టలా వాలిపోయింది. వేళ్లు చాచబోతే కదల్లేదు.

తిమ్మిరనుకుంది. విదిలించింది, వేణ్నీళ్లలో పెట్టింది. సాయంత్రమైనా అంతే.

అత్తగారు సత్యనారాయణమ్మ హడలిపోయింది. "పక్షవాతమే అమ్మాయ్! మా పెదనాన్నకి ఇట్టాగే మొదలైంది."

"మూతి వంకరపోలేదుగా అత్తయ్యా" అంటూనే నాగశ్రీ అద్దం దగ్గరికి పరుగెత్తి నవ్వి చూసుకుంది.

సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ వదిలేసి వచ్చిన భర్త సతీష్‌బాబు వెంటనే ఆమెను నందిగామలో డాక్టరుకి చూపించాడు.

"పక్షవాతం కాదమ్మా. కుర్చీ అంచుకి ఒత్తుకుని చేతి నరం నలిగింది. తెగలేదు కాబట్టి ఎక్కువ శాతం కోలుకుంటుంది" అన్నాడు డాక్టరు.

"ఎప్పుడండి?"

"వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తొందరపెడితే నరం వినదు."

మణికట్టు వాలకుండా పట్టీ వేయించి, ఎడంచేత్తో కుడిచేతి వేళ్లు వంచి చాచే వ్యాయామం నేర్పి పంపాడు.

ఇంటికొచ్చాక నాగశ్రీకి కాలు ఒకచోట నిలవలేదు. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి. ఊరికే పట్టీ విప్పి చేతికేసి చూస్తూ "లే" అనేది. లేచేది కాదు.

"పొయ్యి మీద పాలనుకున్నావా, అన్నిసార్లు చూడ్డానికి?" అనేవాడు సతీష్‌బాబు.

చీర కుచ్చిళ్లు అత్తగారే పెట్టాల్సి వచ్చేది. అందుకు సిగ్గు, ఆ సిగ్గుకి కోపం. పార్లర్‌కి వచ్చినవాళ్లని "రేపు రండి" అని పంపేసేది.

అన్నిటికన్నా పెద్ద బెంగ, పార్లర్‌కి వచ్చే చందనకి నందిగామలో జరగబోయే పెళ్లి. ముస్తాబు తనే చేస్తానని ఎప్పుడో మాటిచ్చింది.

"వేరేవాళ్లకి అప్పగించు" అన్నాడు భర్త.

"ఎవరికి? కృష్ణప్రియకా?"

కృష్ణప్రియ ఆమె దగ్గరే పని నేర్చుకుంది. తర్వాత నందిగామలో సొంతంగా పార్లర్ పెట్టి సగంమంది కస్టమర్లను తీసుకుపోయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

పెళ్లిరోజు ఎవరి మాటా వినకుండా నాగశ్రీ బయల్దేరింది. ఎడంచేత్తో ముఖానికి పౌడరు, రంగు బాగానే అద్దింది. కంటిగీత దగ్గరికొచ్చేసరికి వంకరపోయింది. తుడిచి మళ్లీ గీసింది. మళ్లీ వంకరే. చందన కళ్లవెంట నీళ్లు కారడం మొదలైంది.

"అక్కా, చెయ్యి బెణికిందన్నావు. నిజం చెప్పు."

నాగశ్రీ చెప్పింది.

"ముందే చెప్పొచ్చుగా! ముహూర్తం దగ్గరపడుతోంది" అంది చందన ఏడుపు గొంతుతో.

నాగశ్రీ బయటికొచ్చి వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగింది. కృష్ణప్రియని పిలవడానికి పౌరుషం అడ్డొస్తూనే ఉంది. లోపల ఆ పిల్ల సగం ముఖంతో కూర్చుని ఉంది. ఎడంచేత్తో ఫోన్ తీసింది.

"నేను, నాగశ్రీని."

అటువైపు డ్రయ్యర్ చప్పుడు ఆగింది.

"నా చెయ్యి పనిచేయట్లేదు. పెళ్లికూతురి ముస్తాబు మధ్యలో ఆగిపోయింది. రాగలవా?"

"ఎక్కడక్కా?" అంది కృష్ణప్రియ.

స్కూటీ మీద వచ్చేసింది. వచ్చీరాగానే పని అందుకుంది. నాగశ్రీ ఆమె వెనకాలే తిరుగుతూ "గీత కొస పైకి... ఇంకాస్త పైకి" అంటోంది.

"అక్కా, నువ్వట్టా తిరుగుతుంటే నా చెయ్యి కూడా పడిపోయేట్టుంది. ఇట్రా, కూర్చుని ఈ పిన్నులందించు."

చందన ఫక్కున నవ్వింది. నాగశ్రీ కూర్చుంది.

భోజనాల దగ్గర కృష్ణప్రియ ఆమె చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. "వ్యాయామం ఎట్టా చేయాలన్నారు డాక్టరుగారు?" అంటూ ఒక్కో వేలూ మెల్లగా చాచింది. నాగశ్రీ తల తిప్పుకుని విస్తరివైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ వేసవి పెళ్లిళ్లన్నిటికీ ఇద్దరూ కలిసే వెళ్లారు. తొలకరి పడ్డాక ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే నాగశ్రీ మణికట్టు కాస్త లేచింది. వెంటనే కృష్ణప్రియకి వీడియో కాల్ చేసింది.

"ఏదీ, మళ్లీ లేపు" అంది కృష్ణప్రియ.

లేపింది. వణుకుతూ లేచి, వాలింది.

వెనకనుంచి సత్యనారాయణమ్మ తొంగిచూసి, "చాలమ్మా, దాన్ని మరీ శ్రమపెట్టకు. వేదాద్రి వెళ్లి స్వామికి దణ్ణం పెట్టుకొద్దాం పద" అంది.

"వేళ్లు కూడా రానీండి అత్తయ్యా" అంటూ నాగశ్రీ మళ్లీ చెయ్యి ఎత్తింది.